లెక్కకు రాని వారి లెక్క – ఆచార్య వి.కె.ఆర్.వి. రావు

మెట్ట సేద్యం చేసే రైతు తన చేనిలో పండిన జొన్నలను గాదెలో పోసుకొని, ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదికీ వాటినే వండి పెడతాడు. ఆ జొన్నలు సంతకు పోలేదు. వాటికి వెల కట్టిన వర్తకుడు లేడు. వాటి రాబడిని వ్రాసుకొన్న గుమాస్తా లేడు. అయినప్పటికీ ఆ పంట దేశ సంపదలో భాగమే. భారతదేశపు జాతీయాదాయాన్ని గణించబూనిన వారికెల్లా ఎదురైన చిక్కుల్లో ఇది పెద్దది. ఆ చిక్కును శాస్త్రీయంగా విడదీసి, లెక్కకు రాని మనిషిని లెక్కలోనికి తీసికొనిరావడానికి జీవితమంతా పాటుపడిన అర్థశాస్త్రవేత్త ఆచార్య విజయేంద్ర కస్తూరి రంగ వరదరాజ రావు. వి.కె.ఆర్.వి. రావుగా ఆయన దేశమంతటా ప్రసిద్ధులు.

రావుగారు 1908 జూలై 8న కాంచీపురంలో జన్మించారు. తిండివనంలోనూ, మద్రాసులోనూ పాఠశాల చదువు ముగించి, బొంబాయిలోని విల్సన్ కళాశాలలో అర్థశాస్త్రం అభ్యసించారు. పాతికేళ్ళు నిండక మునుపే, 1931లో, భారతదేశంలో ఆదాయపు పన్ను విధానాన్ని గూర్చిన ఆయన గ్రంథం వెలువడింది. పిమ్మట ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చేరారు. అవి కీన్స్ మహాశయుని నూతన సిద్ధాంతం ప్రపంచాన్ని కదిలిస్తున్న రోజులు. ఆ వాతావరణంలో ఉంటూ రావుగారు తన పరిశోధనకు ఎన్నుకొన్న విషయం మాత్రం స్వదేశపు పేదరికం. ఆ కృషికి 1937లో డాక్టరేటు లభించింది.

భారతీయుని సగటు ఆదాయమెంత అన్న ప్రశ్న ఆనాటికి కేవలం శాస్త్ర చర్చ కాదు, రాజకీయ వివాదం. దాదాభాయి నౌరోజీ 1870లలో తలకు ఏటా 20 రూపాయలని తేల్చి, పరపాలనలో దేశం చిక్కిపోతున్నదని చాటారు. 1901లో వైస్రాయి కర్జన్ ప్రభువు 30 రూపాయలని చెప్పి, ప్రజల స్థితి మెరుగుపడుతున్నదని వాదించారు. ఎవరి పక్షానికి తగిన అంకె వారి చేతిలో ఉండేది. రావుగారు ఏ పక్షపు అంకెనూ పట్టుకోలేదు. ముందుగా లెక్కించే పద్ధతిని చక్కదిద్దారు. సేద్యం, పాడి వంటి వృత్తులలో ఉత్పత్తినే లెక్కించి దానికి విలువ కట్టారు; అందువల్ల సంతకు రాని ధాన్యం కూడా లెక్కలో చేరింది. వర్తకం, రవాణా, చేతివృత్తులు, ఉద్యోగాలు మొదలగు వాటిలో పనిచేసేవారి సంఖ్యను, వారి ఆదాయాలను సమకూర్చుకొని లెక్క కట్టారు. సర్కారు గణాంకాలు చాలని చోట స్వయంగా సమాచారం సేకరించారు.

ఆ శ్రమ ఫలితం 1940లో గ్రంథరూపం దాల్చింది. 1931–32లో బ్రిటిష్ ఇండియా మొత్తం ఆదాయం 1,689 కోట్ల రూపాయలు. తలసరి ఆదాయం 62 రూపాయలు. అనగా మనిషికి నెలకు అయిదు రూపాయల పైచిలుకు. ఆర్థిక మాంద్యం వల్ల ధరలు పడిపోయిన సంవత్సరపు అంకె అది. ఏ ఆవేశమూ లేని ఆ గణితం దేశ దారిద్ర్యాన్ని ఎవరూ కాదనలేని విధంగా నిరూపించింది. స్వతంత్ర భారత ప్రభుత్వం 1949లో మహలనోబిస్ అధ్యక్షతన జాతీయాదాయ సంఘాన్ని నియమించినప్పుడు, డి.ఆర్. గాడ్గిల్‌తో పాటు రావుగారు అందులో సభ్యులయ్యారు. ఉత్పత్తినీ ఆదాయాన్నీ కలిపి గణించే ఆ మార్గమే ఆ సంఘపు అంచనాలకు ఆధారమైంది.

అహ్మదాబాదులో కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేసిన అనంతరం, 1942లో రావుగారు ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర ఆచార్య పదవిని చేపట్టారు. ఉన్నత పరిశోధన కొరకు విద్యార్థులు సముద్రాలు దాటిపోవలసిన స్థితి ఆయనను బాధించింది. ఆ కొరత తీర్చడానికే 1949లో ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌ను నెలకొల్పారు. కె.ఎన్. రాజ్ వంటి యువ మేధావులు అందులో అధ్యాపకులుగా చేరారు. 1957 నుండి 1960 వరకు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉన్నప్పుడు మైసూరు ప్రాంతీయుడైన ప్రఖ్యాత సమాజ శాస్త్రజ్ఞుడు ఎం.ఎన్. శ్రీనివాస్‌ను రప్పించి, అక్కడ సమాజశాస్త్ర శాఖకు పునాది వేయించారు. 1958లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనామిక్ గ్రోత్ ఆయన చేతుల మీదుగా రూపు దిద్దుకొన్నది.

కేంబ్రిడ్జిలో నేర్చిన పాఠాన్నైనా రావుగారు పరీక్షింపక అంగీకరించలేదు. ప్రభుత్వం అదనంగా వెచ్చించిన సొమ్ము చేతులు మారుతూ అనేక రెట్లు ఉపాధినీ ఉత్పత్తినీ పెంచుతుందన్నది కీన్స్ గుణక సిద్ధాంతం. అది మన దేశానికి యథాతథంగా వర్తించదని 1952లో వ్రాసిన వ్యాసంలో ఆయన వివరించారు. పాశ్చాత్య దేశాలలో మాంద్యం వేళ యంత్రాలు, కార్మికులు పని లేక ఎదురుచూస్తుంటారు. గిరాకీ పెరిగితే చాలు, పని మొదలవుతుంది. ఇక్కడ ఒక్కరు చేయగల సేద్యాన్ని నలుగురు పంచుకొంటారు. వారు పైకి నిరుద్యోగులుగా కనిపించరు. చేతికి నాలుగు డబ్బులు వస్తే రైతు కుటుంబం తన ధాన్యాన్నే మరికొంచెం కడుపునిండా తింటుంది. సంతకు వచ్చే సరుకు పెరగదు, ధరలు మాత్రం పెరుగుతాయి. గాదెలోని జొన్నలను లెక్కించిన వానికే తోచగల విమర్శ ఇది.

ఇదే దృష్టితో ఆయన ప్రపంచ వేదికపైన కూడా నిలిచారు. ఐక్యరాజ్య సమితి ఆర్థికాభివృద్ధి ఉపసంఘానికి అధ్యక్షులుగా ఉండి, పేద దేశాలకు సులభ షరతులపై అప్పులిచ్చే ప్రత్యేక సంస్థ సమితి ఆధ్వర్యంలో ఏర్పడాలని 1949లో ప్రతిపాదించారు. ధనిక దేశాలు ఒప్పుకోలేదు. ఆ కోరిక పలు రూపాలలో దశాబ్దం పాటు చర్చల్లో నలిగి, చివరకు 1960లో ప్రపంచ బ్యాంకు అనుబంధంగా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ ఏర్పడడానికి దారితీసింది. ఆయన కోరినట్లు అది సమితి చేతిలో లేకపోయినా, ఆ సంస్థ నుండి అధికంగా సహాయం పొందిన దేశం చిరకాలం భారతదేశమే.

రావుగారు 1963 నుండి 1966 వరకు ప్రణాళికా సంఘ సభ్యులు. 1967లో బళ్ళారి నియోజకవర్గం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1971లో ఆ ప్రజలు ఆయననే మరల ఎన్నుకొన్నారు. 1953లో జిల్లా విభజన జరిగినా కన్నడం, తెలుగు ఇరుగు పొరుగులుగా కలిసి బ్రతుకుతున్న సీమ అది. కేంద్రంలో తొలుత రవాణా, నౌకాయాన శాఖలను, 1969 నుండి 1971 వరకు విద్యాశాఖను నిర్వహించారు. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలలో జాతీయ సేవా పథకాన్ని ప్రారంభించారు. పల్లె ముఖం చూడని చదువు చదువు కాదన్న ఆయన భావనకు అది కార్యరూపం. సాంఘిక శాస్త్ర పరిశోధనకు ప్రోత్సాహమిచ్చే జాతీయ మండలి కూడా ఆ ఏడాదే ఏర్పడింది. అంతకు మునుపు అందుకు దారి చూపిన సంఘానికి అధ్యక్షులు ఆయనే.

మంత్రి పదవి ముగిసిన పిదప ఆయన విశ్రాంతి కోరలేదు. 1972లో బెంగుళూరులో సామాజిక, ఆర్థిక పరివర్తన అధ్యయన సంస్థను స్థాపించి, అరవై ఏళ్ళు దాటిన వయసులో మరల మొదటి ఇటుక నుండి ఆరంభించారు. 1974లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్‌తో సత్కరించింది. 1991 జూలైలో, దేశ ఆర్థిక విధానం కొత్త మలుపు తిరిగిన నెలలోనే, ఆయన కన్నుమూశారు.

ఆయన కట్టిన మూడు సంస్థలూ ఆయన తదనంతరం కూడా నిలిచాయి. కట్టిన ఇంటిని అంటిపెట్టుకొని ఉండక, అది నిలదొక్కుకొనగానే ఇతరుల చేతికప్పగించి మరియొక పునాదికి కదలడం ఆయన స్వభావం. ఆయన మొదలుపెట్టిన లెక్క మాత్రం ఇంకను పూర్తి కాలేదు. రైతు గాదెలోని జొన్నలు జాతీయాదాయంలో చేరాయి. వాటిని దంచి, వండి, వడ్డించే ఇల్లాలి శ్రమ నేటికీ చేరలేదు. ఆ పద్దు వ్రాయవలసిన పని రాబోయే తరం విద్యార్థులకు మిగిలి ఉన్నది.