రెండు విడతల సర్వీసు: కట్టమంచి రామలింగారెడ్డి

మా మందమర్రిలో రిటైర్మెంట్ అంటే చిన్నపాటి పండగ. ఆఖరి షిఫ్ట్ అయ్యాక మనిషిని గని దగ్గర్నుంచి ఇంటిదాకా దండలతో, డప్పులతో తీసుకొస్తారు. శాలువాలు, ఫొటోలు, సాయంత్రం భోజనాలు. వచ్చినవాళ్ళు అడిగేది మాత్రం ఒక్కటే: ఎన్నేళ్ళ సర్వీసు, మస్టర్లు ఎట్లున్నయి? మస్టర్ అంటే మా దగ్గర హాజరు. నువ్వు ఎన్ని రోజులు గనిలోకి దిగావన్నదే నీ లెక్క.

కాలేజీలు నడిపే పెద్దమనుషులు రిటైర్ అయితే లెక్క వేరే. ఎన్ని బ్లాకులు లేచాయి, ఎన్ని సీట్లు పెరిగాయి, ఏ కొత్త బ్రాంచీలు వచ్చాయి. ఫ్లెక్సీ మీద అవే ఉంటాయి. అది తప్పనడం లేదు, కొత్త ల్యాబ్‌లో ఏసీ కింద కూర్చునేది మనమే కదా. కానీ ఒక క్యాంపస్‌ని ఒక మనిషి పెంచాడు అంటే అసలేం చేసినట్టు? ఈ ప్రశ్న పట్టుకుని నేను చదవడం మొదలుపెట్టిన మనిషి కట్టమంచి రామలింగారెడ్డి. ఆంధ్రా యూనివర్సిటీ మొదటి వైస్ ఛాన్సలర్.

నేను చదివింది మొత్తం ఇంగ్లీష్ మీడియం. తెలుగు సెకండ్ లాంగ్వేజ్. కట్టమంచి అంటే నాకు కవి పరిచయంలో వచ్చే పేరు: జననం, మరణం, రెండు రచనలు, రెండు మార్కులు. ఆ రెండు మార్కుల వెనకాల ఇంత కథ ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

1880 డిసెంబర్ 10న చిత్తూరు పక్కన కట్టమంచిలో పుట్టారు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదువుతున్నప్పుడే, అంటే దాదాపు మన వయసులో, కాలేజీ పోటీ కోసం ముసలమ్మ మరణం అనే కావ్యం రాశారు. కథ సి.పి.బ్రౌన్ సేకరించిన అనంతపురం చరిత్రలోది. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంది, ఊరు మునిగిపోతుంది, ఒక ఇంటి కోడలు తనను తాను బలి ఇచ్చుకుంటే కట్ట నిలుస్తుంది. రాజులూ అప్సరసలూ లేకుండా ఒక పల్లెటూరి కోడలిని కావ్యానికి నాయికను చేయడం 1900 నాటికి కొత్త. ఆధునిక తెలుగు కవిత్వం ఎక్కడ మొదలైంది అన్న వాదన వస్తే ఇప్పటికీ ఈ పుస్తకం పేరు వస్తుంది. నాకు మాత్రం చదువుతుంటే వేరే భయం వేసింది. బొగ్గుగనుల ఊళ్ళో పెరిగినోళ్ళకి నీళ్ళు లోపలికొచ్చినయి అన్న మాట ఎట్లుంటదో తెలుసు.

అక్కడినుంచి స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జ్, సెయింట్ జాన్స్ కాలేజీ. అక్కడి విద్యార్థుల డిబేటింగ్ సొసైటీ, కేంబ్రిడ్జ్ యూనియన్‌కి వైస్ ప్రెసిడెంట్‌గా ఎన్నికైన మొదటి భారతీయుడు ఆయనే. తిరిగొచ్చాక బరోడా కాలేజీలో అరవిందుడు వదిలి వెళ్ళిన వైస్ ప్రిన్సిపాల్ పోస్టులో చేరారు. తర్వాత మైసూరు. మహారాజా కాలేజీలో పాఠాలు చెప్పారు, 1918 నుంచి 1921 వరకు ఆ సంస్థానం విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉన్నారు. దళితుల పిల్లల్ని అందరితో పాటు ప్రభుత్వ బడుల్లో చేర్చుకోవాల్సిందే అన్న పక్షాన నిలబడ్డారు. అప్పట్లో దానికి ఎదురు ఎంత ఉండేదో నేను చెప్పక్కర్లేదు.

ఈ మధ్యలోనే 1914లో కవిత్వతత్త్వ విచారము వచ్చింది. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని ముందు పెట్టుకుని, పాత ప్రబంధాల్లో ఏది బాగుంది, ఏది బాగోలేదు అని మొహమాటం లేకుండా చెప్పిన పుస్తకం. పండితులకు కోపాలొచ్చాయి. మన భాషలో చెప్పాలంటే అందరూ దండం పెట్టే పాత కోడ్‌ని తెరిచి రివ్యూ కామెంట్లు రాశారు. చేసినవాళ్ళకి తెలుసు, ఎంతమంది శత్రువులవుతారో.

రాజకీయాలు తొందరగా చెప్పేస్తాను. జస్టిస్ పార్టీ తరఫున మద్రాసు శాసనమండలికి వెళ్ళారు. తర్వాత ఆ పార్టీతోనే చెడి, 1923లో పానగల్ రాజా మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. ఓడిపోయారు. దాని మీద ఒక పుస్తకమే రాయొచ్చు, కానీ నాకు కావల్సింది తర్వాతిది.

1926లో ఆంధ్రా యూనివర్సిటీ చట్టం వచ్చింది. అప్పటిదాకా తెలుగు జిల్లాల కాలేజీలన్నీ మద్రాస్ యూనివర్సిటీ కిందే. ఆఫీసు బెజవాడలో మొదలైంది, వైస్ ఛాన్సలర్‌గా రెడ్డి గారు. ఇప్పుడు యూనివర్సిటీ అంటే మన కళ్ళముందు గేటు, చెట్లు, హాస్టళ్ళు కనిపిస్తాయి. అప్పుడు ఉన్నది ఒక చట్టం, ఒక ఆఫీసు, అక్కడక్కడా విసిరేసినట్టున్న కాలేజీలు. పరీక్షలు పెట్టాలి, పట్టాలివ్వాలి. అంతే.

దానికి సొంత ఊరు ఎక్కడ అన్న గొడవ ఏళ్ళ తరబడి నడిచింది. బెజవాడా, రాజమండ్రా, విశాఖా, అనంతపురమా? మన దగ్గర బస్టాండ్ ఎక్కడ కట్టాలన్నా ఇదే కథ. చివరికి విశాఖ దగ్గరి వాల్తేరు ఖాయమైంది, 1930లో యూనివర్సిటీ అక్కడికి మారింది. రాయలసీమ జిల్లాలు మళ్ళీ మద్రాస్ యూనివర్సిటీ కిందికి వెళ్ళిపోయాయి. తెలుగువాళ్ళందరికీ ఒకటి అనుకున్నది పుట్టిన నాలుగేళ్ళకే చిన్నదైపోయింది.

ఇక మా సంగతి. మందమర్రి అప్పుడు నిజాం రాజ్యంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. మాకు ఉన్న యూనివర్సిటీ 1918లో మొదలైన ఉస్మానియా, అక్కడ చదువు ఉర్దూలో. బొగ్గు తవ్వే తెలుగువాడికి తెలుగు జిల్లాల యూనివర్సిటీ తనది కాదు, తన రాజ్యంలోని యూనివర్సిటీ భాష తనది కాదు. ఈ వ్యాసంలో నేను రెడ్డి గారిని మెచ్చుకుంటున్నాను కానీ ఇది మర్చిపోయి కాదు.

1930లో ఇంకోటి జరిగింది. ఉప్పు సత్యాగ్రహం మొదలైంది, దేశమంతా లాఠీలు లేచాయి. ఆ అణచివేతకు నిరసనగా రెడ్డి గారు వైస్ ఛాన్సలర్ పదవికి రాజీనామా చేశారు. ఆ ఏడాది ఏదో ఒకసారి చూడండి. నాలుగేళ్ళు తిప్పలు పడ్డాక యూనివర్సిటీకి ఒక చోటు దొరికింది. సముద్రం పక్కన కొండ, కట్టాల్సినవి కట్టడానికి నేల. సరిగ్గా అప్పుడు వదిలేశారు. ఆయన కాంగ్రెస్ నాయకుడేం కాదు, జైలుకి వెళ్ళాల్సిన పని లేదు. మెదలకుండా ఉంటే శిలాఫలకాల మీద పేరు ఆయనదే ఉండేది.

దీని మీద మా హాస్టల్ రూమ్‌లో వాదన అయింది. మా రూమ్మేట్ అన్నదేంటంటే, పిల్లల్ని మధ్యలో వదిలి వెళ్ళడం బాధ్యత కాదు, లోపలుండి కొట్లాడాలి. వాడి మాటలో బలముంది. కానీ లోపలుండి కొట్లాడతాను అన్నవాళ్ళలో ఎక్కువమంది లోపల ఉండటం మాత్రమే చేస్తారని నా అనుమానం.

1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. అయిదేళ్ళు ఉన్నారు. ఆర్ట్స్ కాలేజీ, సైన్స్ కాలేజీ నిలబడ్డాయి, 1933లో కెమికల్ టెక్నాలజీ మొదలైంది. ఇప్పుడు ఒడిశాలో ఉన్న జయపూర్ సంస్థానం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇస్తూ వచ్చారు, సైన్స్ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. ఫిజిక్స్‌కి సూరి భగవంతం, కెమిస్ట్రీకి టి.ఆర్. శేషాద్రి వచ్చింది ఈ అయిదేళ్ళలోనే. కాబట్టి వాల్తేరు క్యాంపస్ మొత్తాన్ని రెడ్డి గారి ఖాతాలో వేసేవాళ్ళని నమ్మకండి. ఒకాయన పునాది తీశారు, ఇంకొకాయన గోడలు లేపారు.

1936లో రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డ్ వెళ్ళారు. రెడ్డి గారు తిరిగొచ్చారు, అదే కుర్చీకి. ఈసారి 1949 దాకా, పదమూడేళ్ళు.

తిరిగొచ్చిన మనిషి చేసే మొదటి పని మనందరికీ తెలుసు. ముందున్నాయన బోర్డులు తీసేయడం, ఆయన మనుషుల్ని పక్కన పెట్టడం. హెచ్ఓడీ మారితే నోటీస్ బోర్డ్ రంగు కూడా మారుతుంది కదా. ఇక్కడ భగవంతం ఉన్నారు, శేషాద్రి ఉన్నారు, పనిచేసుకుంటూ పోయారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. నాకు మాత్రం ఆయన సర్వీసులో ఇదే పెద్ద మస్టర్.

1938లో గిడుగు రామమూర్తికి కళాప్రపూర్ణ ఇచ్చారు. బడిపుస్తకాలు జనం మాట్లాడే భాషలో ఉండాలని జీవితమంతా పోరాడిన మనిషికి యూనివర్సిటీ గౌరవం. నేను ఇప్పుడు ఇట్లా సగం మాట, సగం రాత కలిపి రాస్తుంటే మీరు చదువుతున్నారంటే అందులో గిడుగు వాటా ఉంది.

ఇక 1942. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు ఖాళీ అయింది. క్యాంపస్ భవనాలు మిలిటరీ చేతికి వెళ్ళాయి, యూనివర్సిటీ గుంటూరుకు మారింది. పదేళ్ళు కష్టపడి కట్టినవన్నీ ఒక్కసారిగా వేరేవాళ్ళవి. కరోనాలో మా తొమ్మిదో క్లాసు ఫోన్లోకి వచ్చేసినప్పుడు మా నాయిన ఒక మాట అడిగిండు, ఇంక బడి ఎక్కడున్నట్టురా అని. గుంటూరు సంగతి చదివినప్పుడు నాకు ఆ ప్రశ్న మళ్ళీ గుర్తొచ్చింది. భవనాలు లేని ఆ ఏళ్ళలో కూడా క్లాసులు నడిచాయి, పరీక్షలు జరిగాయి, పట్టాలు ఇచ్చారు. మొదట్లో చెప్పిన లెక్క, బ్లాకులూ సీట్లూ, గుంటూరులో పనికిరాదు. యుద్ధం అయ్యాక మళ్ళీ వాల్తేరు వచ్చి, అరువు ఇచ్చిన ఇంటిని తిరిగి సర్దుకున్నట్టు సర్దుకున్నారు. కొత్తది కట్టడం కంటే వాడి వదిలేసినదాన్ని బాగుచేసుకోవడం కష్టమని క్వార్టర్లలో ఉన్నవాళ్ళకు తెలుసు.

అదే 1942లో ఆయనకు బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది. తీసుకున్నారు. క్విట్ ఇండియా సంవత్సరం! పన్నెండేళ్ళ కింద లాఠీలు చూడలేక కుర్చీ వదిలిన మనిషి, దేశమంతా జైళ్ళు నిండుతున్నప్పుడు అదే ప్రభుత్వం ఇచ్చిన బిరుదు తీసుకున్నారు. నాకు ఇది మింగుడు పడలేదు, ఇప్పటికీ పడట్లేదు. యుద్ధంలో చిక్కుకున్న యూనివర్సిటీకి ప్రభుత్వంతో అవసరం ఉండొచ్చు అని ఎవరైనా అనొచ్చు. అది నా ఊహే అవుతుంది. రాజీనామా గురించి గొప్పగా రాసి బిరుదు గురించి రాయకపోతే మాత్రం అది ఫ్లెక్సీ అవుతుంది.

మా ఊరికి దగ్గరి విషయం ఒకటుంది. 1941లో, ఈ రెండో విడతలోనే, వాల్తేరులో జియాలజీ డిపార్ట్‌మెంట్ మొదలైంది. కొన్నేళ్ళకు దానికి ప్రొఫెసర్‌గా వచ్చిన సి. మహదేవన్ అంతకుముందు హైదరాబాద్ సంస్థానం జియలాజికల్ సర్వేలో పనిచేసినవారు. మా గోదావరి లోయలో బొగ్గు ఉందని 1871లో ఎల్లందు దగ్గర గుర్తించింది విలియం కింగ్ అనే ఇంగ్లీషాయన. ఆ తర్వాత చాలా కాలం భూమి కింద ఏముందో చెప్పేవాడు దొర, తవ్వేవాడు మనోడు. ఆ చెప్పే చదువు తెలుగు నేల మీద దొరకడం అక్కడ మొదలైంది. మా కేకే గనుల వైపు డ్రిల్లింగ్ రిగ్ కనిపిస్తే పిల్లలం సైకిళ్ళేసుకుని పోయేవాళ్ళం. పెట్టెల్లో వరసగా పేర్చిన రాతి ముక్కల్ని చూసి, ఎన్ని మీటర్ల కింద బొగ్గు తగులుతుందో ఒకాయన పుస్తకంలో రాసుకునేవాడు. అది పెద్ద మాయలాగా ఉండేది. ఆయన ఎక్కడ చదివాడో మేం అడగలేదు.

రెడ్డి గారు పెళ్ళి చేసుకోలేదు. 1949లో వాల్తేరు నుంచి దిగిపోయాక మైసూరు యూనివర్సిటీకి ప్రో ఛాన్సలర్ అయ్యారు, అంటే మొదట్లో పనిచేసిన ఊరికే తిరిగి వెళ్ళారు. 1951 ఫిబ్రవరి 24న చనిపోయారు. వాల్తేరులో కాన్వొకేషన్ హాల్‌కి ఆయన పేరుంది. ఏలూరులో 1945లో ఆయన పేరుతో కాలేజీ పెట్టారు, ఇప్పుడక్కడ ఇంజనీరింగ్ కాలేజీ కూడా ఉంది. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు సీఆర్ రెడ్డి అన్న పేరు మీలో చాలామంది చూసే ఉంటారు. ఎవరని అడిగి ఉండరు.

ఆయన వెళ్ళిన 1949లోనే శేషాద్రి ఢిల్లీ యూనివర్సిటీకి వెళ్ళిపోయారు. భగవంతం చదువుకున్నది హైదరాబాద్ నిజాం కాలేజీలో. ఏళ్ళకేళ్ళు వాల్తేరులో పాఠాలు చెప్పాక ఆయన మళ్ళీ హైదరాబాద్ వచ్చారు, 1952లో మా వైపు పిల్లలు చేరే ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్ అయ్యారు.