సయ్యద్ అబ్దుల్ రహీము గారు

రామగిరి కొండ చెంత, బొగ్గుగనుల నడుమనున్న మన యూళ్లలో సాయంకాలమగుసరికి ప్రతి బయలునందును బంతి కనబడును. పరీక్షలు సమీపించినంతనే తలిదండ్రులు కొందరు మాకడకు వచ్చి, పిల్లలచేత ఆట మాన్పింపుడని కోరుచుందురు. ఆటయు చదువును ఒక్క యొరలో నిముడని రెండు కత్తులని వారి తలంపు. ఈ తలంపు సరియైనదో కాదో తెలిసికొనుటకై యొక యుపాధ్యాయుని జీవితమును ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

రహీము గారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదునందు జన్మించిరి. నాడు ఆ నగరమును మన ప్రాంతమును ఒక్క నిజాము రాజ్యములోనివే. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచు, ఆయన అచ్చటి ఫుట్‌బాలు జట్టులో ఆడిరి. అయినను బంతికొరకు పుస్తకమును విడువలేదు. బి.ఏ. పట్టమును పొంది, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్ల బడులలో ఉపాధ్యాయులైరి. వ్యాయామవిద్యలో డిప్లొమాను సంపాదించి, బడిపిల్లల ఆటల భారమును వహించిరి.

1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ యేడు మొదలు 1954 వఱకు రోవర్సు కప్పును ఏటేట ఆ జట్టే గెలిచెను. 1951లో ఢిల్లీయందు జరిగిన ఆసియా క్రీడలలో ఆయన శిక్షణలో భారత జట్టు ఇరానును ఓడించి స్వర్ణపతకమును పొందెను.

మఱుసటి యేడే పరాభవము కలిగెను. హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా పది గోలులు చేయగా మనవారు ఒక్కటే చేసిరి. మనవారిలో పెక్కురు వట్టికాళ్లతో నాడిరి. అటుపిమ్మట బూట్లు తప్పనిసరి యయ్యెను. రహీము గారు అధైర్యపడలేదు. తప్పిన లెక్కను మరల చేయించు గురువువలె, లోపమెక్కడనో వెదకిరి. రెండు కాళ్లతోను సమానముగా ఆడుటయు, బంతిని నిలుపుకొనక వెంటనే తోడివాని కందించుటయు నేర్పిరి. 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్సున మన జట్టు ఆస్ట్రేలియాను నాలుగు రెండుగా గెలిచి, నాలుగవ స్థానమును పొందెను.

1962లో జకార్తాకు పోవునాటికి ఆయనను క్యాన్సరు వ్యాధి పీడించుచుండెను. మొదటి పోటీలోనే మన జట్టు దక్షిణ కొరియా చేతిలో ఓడెను. తలకు గాయమై కుట్లు పడిన జర్నైల్ సింగును, వెనుక నుండి కాపుగాయువానిని, ఆయన ముందు వరుసలో నిలిపిరి. సెప్టెంబరు 4వ తేదీన జరిగిన తుది పోటీలో ఆ జర్నైల్ సింగే యొక గోలు చేసెను. ఓడించిన కొరియానే మనవారు రెండు ఒకటిగా ఓడించిరి. 1963 జూను 11వ తేదీన రహీము గారు కాలధర్మము నొందిరి.

బాలబాలికలారా! వయసుతో కాళ్ల వేగము తగ్గును. ఓటమికి కారణము వెదకి దిద్దుకొను బుద్ధి తగ్గదు. రహీము గారు ఆ బుద్ధిని బడియందును బయలునందును ఒక్క తీరుగనే వినియోగించిరి. కావున బంతికొరకు పాఠమును మానకుడు. తలిదండ్రులారా! పాఠము పేర బంతిని లాగికొనకుడని మా మనవి.