సత్తుగిన్నెను మనకిచ్చిన చాటర్టన్

సత్తుగిన్నె నెరుగనివారు మనలో నుండరు. అది మన వంటయిండ్లకు వచ్చుటకు ఈ చెన్నపట్టణముననే పాటుపడిన యొక ఉపాధ్యాయుని చరితమును సంగ్రహముగ చెప్పుచున్నాము.

ఆల్ఫ్రెడ్ చాటర్టన్ గారు 1866లో జన్మించిరి. 1888లో ఇంగ్లండునుండి చెన్నపట్టణపు ఇంజనీరింగు కళాశాలకు ఆచార్యులుగ వచ్చిరి. పిమ్మట ఎగ్మూరులోని చిత్రకళాశాలకు అధ్యక్షులైరి. ఆ కాలమున మన ఇండ్లలో ఇత్తడి, రాగి పాత్రలే యెక్కువ. కళాయి పోయిన పాత్రలో పులుసు కాచిన చిలుము పట్టి విషమగును. అల్యూమినియమును విద్యుచ్ఛక్తితో చౌకగ తీయు మార్గము 1886లో కనుగొనబడెను. చాటర్టన్ గారు ఆ లోహమును తెప్పించి, 1898లో కళాశాల పనివారిచేత పాత్రలు చేయింప నారంభించిరి.

ఈ లోహమున నొక విశేషము కలదు. ఇనుము త్రుప్పుపట్టిన ఆ త్రుప్పు రాలి, లోపలి ఇనుము మరల గాలికి చిక్కును. కమ్మరి కొలిమిలో ఎర్రగ కాలిన ఇనుమునుండి పెచ్చులూడుట మీరు చూచియుందురు. అల్యూమినియము కూడ గాలి సోకగనే ప్రాణవాయువుతో కలియును; కాని అట్లేర్పడిన పలుచని పొర లోహమును గట్టిగ నంటియుండి, గాలిని లోనికి రానీయదు. గీత పడినను వెంటనే క్రొత్త పొర పుట్టును. పులుపు మాత్రము దానిని కరగించును. కావున పులుసును సత్తుగిన్నెలో నిలువయుంచరాదు.

ఆ పరిశ్రమ వృద్ధిచెందగ, 1903లో దానిని ఇండియన్ అల్యూమినియం కంపెనీకి విక్రయించిరి. తోళ్లను క్రోముతో పదును చేయుటకును, బావులకు ఇంజనులు పెట్టి నీరు తోడుటకును వారు పాటుపడిరి. కాని ప్రభుత్వము పరిశ్రమలు నడపుట తగదని 1910లో లండనులోని మంత్రి మార్లే ప్రభువు ఆక్షేపించెను. చాటర్టన్ గారు నిరాశపడక 1912లో మైసూరునకేగి అచ్చట పరిశ్రమల శాఖను నడపిరి. 1916లో నియమింపబడిన భారత పారిశ్రామిక సంఘమున సభ్యులైరి. పరిశ్రమలకు ప్రభుత్వము తోడ్పడవలెనని ఆ సంఘము 1918లో తీర్మానించెను. ఒకనాడు త్రోసివేయబడిన మాటయే అట్లు నిలిచెను. 1919లో వారికి సర్ బిరుదము లభించెను. 1958లో వారు కాలధర్మము నొందిరి.

సత్తుగిన్నెను కాచు పొరవంటిదే నేడు మహాగ్నిలో పనిచేయు యంత్రములకును కావలసివచ్చినది. అందుకై శాస్త్రజ్ఞులు యిట్రియము వంటి మూలకముల అయాన్లను విద్యుద్బలముచే వేగపరచి, లోహపు పైతలములోనికి చొప్పింతురు. అపుడు క్రోమియము కలసిన ఉక్కుపై ఏర్పడు పొర పెచ్చులూడక గట్టిగ నంటుకొనును. అయాన్ల నిట్లు చొప్పించు యంత్రములు మన పట్టణమునకు దక్షిణమున, కల్పాక్కములోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రమున కలవు.

బాలలారా! పుస్తకవిద్యను పనివాని చేతికి చేర్చినవారు చాటర్టన్ గారు. మీరును చేతిపనిని చులకన చేయకుడు. ఇంటిలోని గిన్నెనైనను కారణ మడిగి చూడుడు. అచ్చటనే శాస్త్రము మొదలగును.