పాల్ ఫ్లోరీ

నైలాన్, రబ్బరు వంటి పాలిమర్లు పొడవైన గొలుసుల వంటి అణువులతో ఏర్పడతాయి. ఆ గొలుసుల ఆకృతిని గణితంతో దర్శించిన మేధావి పాల్ ఫ్లోరీ. ఆయన 1910లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జన్మించాడు. 1934లో డాక్టరేటు పొంది, నైలాన్ సృష్టికర్త కరోథర్స్ వద్ద పరిశోధన ఆరంభించాడు.

మంచి ద్రావణిలో ఒంటరిగా ఉన్న గొలుసు ఉబ్బుతుంది. కరిగిన పాలిమర్ ముద్దలో మాత్రం చుట్టూ తన వంటి గొలుసులే ఉంటాయి కనుక, అది ఉబ్బక, చిక్కుపడిన దారం వలె సహజ పరిమాణంలోనే ఉంటుందని 1949లో ఫ్లోరీ ప్రతిపాదించాడు. గొలుసులు కట్టలుగా పేర్చుకొంటాయని కొందరు శాస్త్రజ్ఞులు వాదించారు. ఒకే రూపుగల గొలుసుల నడుమ ఒక్కదానిని గుర్తించే సాధనం నాడు లేదు.

1970ల ఆరంభంలో ఆ సాధనం లభించింది. ఐరోపా శాస్త్రజ్ఞులు కొన్ని గొలుసులలో హైడ్రోజన్‌కు బదులు డ్యుటీరియం నిలిపారు. దీనివల్ల రసాయన ధర్మాలు దాదాపు మారవు. న్యూట్రాన్లు మాత్రం ఆ రెండింటివల్ల వేర్వేరుగా చెదరిపోతాయి. ఈ పరిక్షేపణాన్ని కొలిచి, గొలుసు పరిమాణాన్ని గణించారు. అది ఫ్లోరీ సిద్ధాంతంతో ఏకీభవించింది.

1974లో ఫ్లోరీని రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వరించింది. ఆయన 1985లో కన్నుమూశాడు. పాతికేళ్లపాటు ఋజువుకై వేచిన ఆయన ఊహ నేడు పాలిమర్ శాస్త్రానికి పునాదిగా నిలిచి ఉంది.