నిజాం గారి స్పిట్‌ఫైర్లు

స్పిట్‌ఫైర్ గొప్పదా, హరికేన్ గొప్పదా అన్న పంచాయితీ మా హాస్టల్లో ఏనాడూ తెగలేదు. క్యారం బోర్డు మీద ఖాకీ అట్టల కాగితం పరిచి, నీలం సిరాతో ఇంగ్లీషు ఛానెల్ గీసి, అగ్గిపెట్టెల అట్టముక్కలను విమానాలుగా పేర్చి, పచ్చీసు గవ్వలతో 1940 నాటి యుద్ధాన్ని మళ్ళీ మళ్ళీ చేసేవాళ్ళం. హరికేన్ పార్టీ వాళ్ళకు లెక్కల బలం ఉంది. ఆ యుద్ధంలో జర్మన్ విమానాలను ఎక్కువగా కూల్చినవి హరికేన్‌లే కదా! స్పిట్‌ఫైర్ పార్టీ వాళ్ళు జర్మన్ పైలట్ గాలండ్‌ను సాక్షిగా పిలిచేవారు. ఏం కావాలని గోరింగ్ అడిగితే తన దళానికి స్పిట్‌ఫైర్లు ఇప్పించమన్నాడట మహానుభావుడు. ఎప్పుడూ మెస్సర్‌ష్మిట్ పక్షాన కూర్చునేవాడొకడు ఉండేవాడు. లండన్ దాకా వచ్చేసరికి వాడి పెట్రోలు అయిపోయేది. నెలాఖరుకు వాడి మెస్ బిల్లు పైసలు కూడా అట్లనే అయిపోయేవి.

బోధన్ నుంచి వచ్చిన కుర్రాళ్ళ దగ్గర మాత్రం ఇంకో అస్త్రం ఉండేది. మీరెవరు కొట్లాడటానికి, ఆ విమానాలు మావి, మా నిజాం కొనిచ్చినవి అనేవారు. అందరూ నవ్వేవారు. కానీ మిత్రులారా, అందులో సగం నిజమే. ఏ సగం నిజమో తేలాలంటే ఆ మనిషి కథ తెలియాలి.

మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1886 ఏప్రిల్ 6న హైదరాబాద్ పురానీ హవేలీలో పుట్టారు. తండ్రి మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూయడంతో 1911 ఆగస్టులో ఇరవై అయిదేళ్ళ వయసులో ఏడవ నిజాంగా గద్దెనెక్కారు. (మన ఇందూరు నిజామాబాద్ అయింది ఈయన వల్ల అనుకుంటారు చాలామంది. రైలు వచ్చిన 1905 నాటికే, అంటే తండ్రి కాలంలోనే ఆ పేరు పడింది.) మూడేళ్ళు తిరిగేసరికి మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. టర్కీ సుల్తాను బ్రిటిష్ వాళ్ళకు ఎదురు తిరిగాడు. ఆ సమయంలో నిజాం గారు ముస్లిం ప్రజలను బ్రిటిష్ పక్షాన నిలవమన్నారు, ఖజానా తెరిచారు. ఆయన డబ్బుతో కొన్న డి.హెచ్.9ఏ విమానాలతో 110వ దళం 1918 సెప్టెంబరులో ఫ్రాన్సు చేరి, జర్మనీ మీద పగటిపూట బాంబులు వేయబోయి చాలా నష్టపోయింది. ఆ దళానికి హైదరాబాద్ పేరు స్థిరపడింది. ఈయనకు 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్' బిరుదు, దానితో పాటు బ్రిటిష్ ప్రభుత్వపు విశ్వాసపాత్రుడైన మిత్రుడు అన్న విశేషణం దక్కాయి.

మిత్రుడనే మాటను ఈయన నిజంగానే నమ్మినట్టున్నారు. బేరారు తిరిగి ఇమ్మని అడిగారు. 1926లో వైస్రాయి లార్డ్ రీడింగ్ రాసిన జాబు ఆ నమ్మకం మీద నీళ్ళు చల్లింది. ఏ సంస్థానాధీశుడూ బ్రిటిష్ ప్రభుత్వంతో సమానస్థాయిలో కూర్చుని మాట్లాడజాలడని అందులో తేల్చి చెప్పారు. బేరారు రాలేదు. పదేళ్ళకు కొడుక్కి బేరారు యువరాజు అన్న బిరుదు మాత్రం వచ్చింది.

ఇంటి దగ్గర ఆయన చేసినవాటిని తక్కువగా చూడను. 1917 ఫర్మానాతో ఉర్దూ మాధ్యమంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. తెలుగు బిడ్డకు తన భాషలో చదువు లేకపోయెనే అన్న బాధ వేరే ఉంది. 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగర్ మన జిల్లా రాతనే మార్చింది. ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ మంజీరకు అడ్డంగా ఆనకట్ట కట్టించాక నీళ్ళు బోధన్ దాకా పారాయి. నీళ్ళ వెంట చెరుకు వచ్చింది. చెరుకు వెంట షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ వచ్చి, 1938 నుంచి చక్కెర తీసింది. కోస్తా జిల్లాల రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. గానుగాట నెలల్లో గేటు ముందు రాత్రంతా బండ్ల బారు, బెల్లపు పాకం లాంటి ఆ వాసన ఎరిగినవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. 2015లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది.

1937లో అమెరికా 'టైమ్' పత్రిక ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసింది, లోకంలోకెల్లా ధనవంతుడని. ఆ ధనవంతుడు మాసిన టోపీ పెట్టుకునేవాడు, చార్మినార్ సిగరెట్ తాగేవాడు, జాకబ్ వజ్రాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకునేవాడు. రోల్స్‌రాయిస్ కార్లు షెడ్డులోనే ఉండేవి. మా హాస్టల్ హాస్యగాళ్ళకు ఇది మంచి ముడిసరుకు. స్పిట్‌ఫైర్‌కూ హరికేన్‌కూ ఉన్న మెర్లిన్ ఇంజన్ కూడా రోల్స్‌రాయిస్ వాళ్ళదే కనుక, నిజాం గారు కార్లను నేల మీద దాచి ఇంజన్లను ఆకాశంలో తిప్పారని తీర్మానం చేశారు.

రెండో యుద్ధంలో విరాళానికి గుర్తుగా రెండు ఫైటర్ దళాలకు హైదరాబాద్ పేరు తగిలింది. 152వ దళం స్పిట్‌ఫైర్లతో వార్మ్‌వెల్ నుంచి పోర్ట్‌లాండ్ నౌకాస్థావరాన్ని కాచింది. దాని చిహ్నంలో నిజాం శిరోవేష్టనం ఉంటుంది, కింద విశ్వాసపాత్ర మిత్రుడనే నినాదం. తర్వాత ఇదే దళం బర్మా సరిహద్దుకు వచ్చి ఇంఫాల్ మీద జపాను వాళ్ళతో పోరాడింది. 253వ దళానివి హరికేన్‌లు. అంటే మా పంచాయితీలో రెండు పార్టీలకూ పెట్టుబడి ఒకే దొర పెట్టాడన్నమాట!

పైలట్ల ముచ్చట వస్తే అందరూ బేడర్ అనో మలాన్ అనో మొదలుపెడతారు. నా ఓటు 253 వాడైన టామ్ గ్లీవ్‌కు. 1940 ఆగస్టు 31న దళనాయకుడు స్టార్ చనిపోతే ఇతను బాధ్యత తీసుకున్నాడు. అదే రోజు ఇతని హరికేన్ కూడా మంటల్లో కూలింది. ఒళ్ళంతా కాలి కట్లలో పడి ఉన్నవాణ్ణి భార్య ఏం చేసుకున్నావని అడిగితే, ఒక జర్మన్‌తో తగువు పెట్టుకున్నానన్నాడట. డాక్టర్ మెకిండో కొత్త చర్మం అతికించి నిలబెట్టిన తొలి వాళ్ళలో అతనొకడు. మన పేరు మోసిన విమానంలో కాలినవాడికి మన ఊరెక్కడుందో తెలిసి ఉంటుందా? ఆ 1940 పైలట్ల జాబితా ఎంత వెదికినా తెలంగాణ ఇంటిపేరు కనిపించదు. హైదరాబాద్‌లో పుట్టిన ఇద్రిస్ హసన్ లతీఫ్ ఇంగ్లండులో స్పిట్‌ఫైర్లు, హరికేన్‌లు నేర్చి బర్మా యుద్ధంలో పాల్గొన్నారు, 1978లో భారత వైమానిక దళాధిపతి అయ్యారు. అయితే ఆయన పనిచేసింది భారతీయ వైమానిక దళంలో.

ఇక డబ్బెవరిదన్న సంగతి. రైతు కట్టిన శిస్తూ, కల్లు దుకాణం తెచ్చిన ఆబ్కారీ, ఆయన సొంతమైన సర్ఫేఖాస్ భూముల రాబడీ, అన్నీ చివరికి ఊళ్ళ నుంచి వచ్చినవే. స్పిట్‌ఫైర్‌కు నాడు విరాళంగా కట్టిన ధర 5,000 పౌండ్లు. దానికోసం ఊళ్ళనెవరూ అడగలేదు. కనుక బోధన్ కుర్రాళ్ళ మాటలో 'మావి' అన్నది నిజం, 'కొనిచ్చాడు' అన్నదే పొరపాటు. ఇచ్చింది ఊళ్ళు. ఆ ఊళ్ళలో 1946 నుంచి రైతులు ఆయుధాలు పట్టారు, రజాకార్ల దౌర్జన్యం పెచ్చుమీరింది. మన నిజామాబాద్ ఖిల్లా జైలు గోడ మీద దాశరథి బొగ్గుతో పద్యం రాసింది ఈ దొర మీదే.

ఇప్పుడు అసలు విడ్డూరం చూడండి. 1947లో బ్రిటిష్ వాళ్ళు వెళ్ళిపోయారు. విశ్వాసపాత్రుడైన మిత్రుడు సాయం కోరితే లండను నుంచి మాటలే తప్ప మరేమీ రాలేదు. పరదేశానికి ఫైటర్ దళాలు ఇచ్చిన రాజు దగ్గర తనకంటూ ఒక్క ఫైటర్ లేదు. దొంగచాటుగా తుపాకులు తెచ్చిపెట్టడానికి సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కుదిరాడు. 1939లో స్పిట్‌ఫైర్‌కు కెమెరాలు బిగించి శత్రువు నేలను ఫోటో తీసే పద్ధతి మొదలుపెట్టిన ఘనుడు అతనే. కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో రాత్రిపూట వచ్చేవాడు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. సంస్థానంలోని విమానాశ్రయాల మీదికి వచ్చినవి టెంపెస్ట్‌లు. హరికేన్‌ను తయారుచేసిన హాకర్ కంపెనీవే, గీసినవాడూ అదే సిడ్నీ కామ్. పద్దెనిమిదో తేదీన ఎల్ ఎద్రూస్ జనరల్ చౌధురికి లొంగిపోయారు. అయిదు నెలలకు బేగంపేట విమానాశ్రయంలో నిజాం గారు సర్దార్ పటేల్‌కు చేతులు జోడించి స్వాగతం చెప్పారు.

లొంగుబాటైన రెండు రోజులకు ఆయన ఖాతా నుంచి 10,07,940 పౌండ్లు లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మారాయి. నా అనుమతి లేదు పొమ్మన్నారు నిజాం. ఆ తగువు 2019 అక్టోబరులో తీరింది. 3.5 కోట్ల పౌండ్లకు పెరిగిన ఆ సొమ్ము భారత ప్రభుత్వానికీ నిజాం వారసులకూ చెందుతుందని లండన్ కోర్టు తీర్పిచ్చింది. పాత ధరకు లెక్కేస్తే ఆ అసలుతోనే 200 స్పిట్‌ఫైర్లు వచ్చేవి!

1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా ఉన్నారు. 1965 యుద్ధంలో 5,000 కిలోల బంగారం దానమిచ్చారని ఇప్పటికీ చెబుతారు. ఆయన పెట్టింది 425 కిలోలు, అదీ వడ్డీ వచ్చే బంగారు బాండ్లలో. ఇందులో ఆయనను ఒక్కరినే అనడానికి లేదు. 1940 సెప్టెంబరు 15న 185 జర్మన్ విమానాలు కూల్చామని బ్రిటిష్ వాళ్ళు ప్రకటించుకున్నారు. యుద్ధం ముగిశాక లెక్క తీస్తే అరవైకి అటూఇటూ తేలాయి.

1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో ఆయన కన్నుమూశారు. జూదీ మసీదులో తల్లి సమాధి పక్కన ఖననం చేశారు. అదే సంవత్సరం బహ్రెయిన్‌లో 152వ హైదరాబాద్ దళాన్ని కూడా ఎత్తేశారు. అప్పటికి దాని దగ్గర స్పిట్‌ఫైర్లు లేవు, సరుకులు మోసే చిన్న విమానాలే ఉన్నాయి.