మోటారు పందెముల సారథి కరివర్ధన్

అనంతపురము సీమలో బావి గల ప్రతి రైతునకును కోయంబత్తూరు పేరు పరిచితమే. నీరు తోడు మోటార్లు, పంపులు ఎన్నో ఏండ్లుగా ఆ యూరినుండి మన మెట్టపొలములకు వచ్చుచున్నవి. అయితే ఆ యూరి కార్ఖానాలలో పందెపు కార్లు గూడ పుట్టినవనియు, వానిని పుట్టించినవాడు తెలుగు కుటుంబమువాడనియు ఎరిగినవారు అరుదు. అతని పేరు సుందరం కరివర్ధన్. మిత్రులును పందెముల ప్రియులును అతనిని కరి యని పిలిచెడివారు. కరి యనగా ఏనుగు. వాయువేగమునకు ఆశపడినవానికి మందగమనమునకు ప్రసిద్ధికెక్కిన జంతువు పేరు వచ్చుట వింతగా తోచును. కాని తాను బరువు మోసి యితరులను ఎక్కించుకొని పోయినవాడు గనుక ఆ పేరు తగియేయున్నది.

విజయనగర ప్రభువుల కాలమునందును, పిమ్మట మధుర నాయకరాజుల కాలమునందును తెలుగు కుటుంబములు అనేకము దక్షిణమునకు తరలిపోయెను. వానిలో కొన్ని కొంగునాట కాపురముండెను. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము. అక్కడి నాయుళ్ళ ఇండ్లలో ఇది తరతరములుగా వచ్చిన తీరు. వారు నల్లరేగడిలో ప్రత్తి పండించి, ప్రత్తినుండి నూలునకును, నూలునుండి యంత్రములకును నడచిరి. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్లులను స్థాపించెను. 1930ల తొలియేండ్లలో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్తు వచ్చుటతో నూలుమిల్లులు పెరిగెను. మిల్లుల మరమ్మతుకై చిన్న కార్ఖానాలును పోతపని శాలలును సందుసందున వెలసెను. ఆ సీమవాడే యైన జి.డి. నాయుడు (1893-1974) ఒక మోటారుసైకిలును ముక్కముక్కగా విప్పి, మరల బిగించి యంత్రవిద్య నేర్చెను. 1920లో పొల్లాచి, పళని ఊళ్ళ నడుమ ఒక్క బస్సుతో వ్యాపారము మొదలిడెను. పనిముట్టు పట్టి నేర్చుకొనుట ఆ యూరి పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య.

కరివర్ధన్ 1954లో ఈ లక్ష్మీ మిల్లుల కుటుంబమున జన్మించెను. కలిమికి కొదువ లేదు. మిల్లు కచేరీలో మెత్తని కుర్చీ అతనికొరకు సిద్ధముగానే యుండెను. మనసు మాత్రము ఇంజనులయందు తగుల్కొనెను.

నాడు దక్షిణదేశమున మోటారు పందెములకు నిలయము మదరాసునకు ఉత్తరముననున్న షోలవరము. రెండవ ప్రపంచయుద్ధకాలమున విమానములు దిగుటకు వేసిన బాట యది. యుద్ధము ముగిసి విమానములు పోయెను, బాట మిగిలెను. 1953లో మదరాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బు ఏర్పడెను. షోలవరపు పందెములు రానురాను మన తిరునాళ్ళవలె జనము విరుగబడు వేడుకలయ్యెను. కరివర్ధన్ ఆ బరిలో కారు నడపి పేరు గడించెను.

కారు పందెమనగా కాలు నొక్కిపట్టుటయే యని కొందరు తలంతురు. తిన్నని దారిలో ఎవడైనను వేగముగా పోగలడు. నేర్పరి యెవడో మలుపులో తెలియును. మలుపునకు ముందు బ్రేకు వేసినపుడు బండి బరువు ముందుచక్రములమీదికి ఒరుగును. మితిమీరి వేసినచో చక్రములు జారును. చాలకున్నచో బండి దారి దాటి పోవును. వెలుపలి అంచునుండి లోపలి అంచునకును, అక్కడనుండి మరల వెలుపలికిని కోసుకొనిపోయినచో మలుపు కొంత తిన్ననై వేగము నిలుచును. ప్రతి చుట్టునందును ఈ లెక్కను రెప్పపాటులో కట్టవలెను. చాలు చివర ఎద్దులను త్రిప్పు సేద్యగానికి ఇందలి మర్మము సులభముగా బోధపడును. పెద్దరోడ్డుపై వంకరటింకరగా మోటారుసైకిళ్ళు త్రోలు కుర్రవాండ్ర చేష్టలకును ఈ విద్యకును పొత్తు లేదు. పందెపుదారిలో ఎదురువచ్చు బండి యుండదు, అడ్డువచ్చు గొడ్డు యుండదు.

అయితే ఆ కాలపు పందెములలో ఒక అన్యాయము దాగియుండెను. విదేశపు కారు తెప్పించుకొనుటకు సర్కారు అనుమతి కావలెను. దానిపై సుంకము విపరీతము. 2019 నుండి పెనుకొండ దాపున ఎర్రమంచి యొద్ద కియా కార్ఖానాలో కార్లు తయారగుచుండగా చూచుచున్న మన పిల్లలు, ఒకప్పుడు ఈ దేశమున కొత్త కారునకై పైకము కట్టి ఏండ్లతరబడి వేచియుండెడివారనిన నమ్మరు. మేలైన పందెపు బండ్లు సంస్థానాధీశుల వారసులకును, కోటీశ్వరుల కుమారులకును మాత్రమే చిక్కెడివి. తక్కినవారు అంబాసిడరునో ఫియట్టునో విప్పి, బరువు తగ్గించి, ఇంజనునకు మెరుగుపెట్టి బరిలో దింపెడివారు. అట్టి పందెమున గెలిచినది నడపినవాని చేయియో, వాని తండ్రి ఇనుపపెట్టెయో తేల్చుట కష్టము.

కరివర్ధన్ సైతము ఇనుపపెట్టె గల ఇంటివాడే. తానొక్కడు మేలైన బండి సంపాదించుకొని, గెలిచిన కప్పులను చావడిలో వరుసగా నిలుపుకొనియున్నను ఎవరును తప్పుపట్టెడివారు కారు. పందెగాండ్రలో పెక్కుమంది కోరునది అదియే. అతడు మాత్రము పదిమందికి అందు బండిని తానే కట్టుటకు పూనెను.

1983 డిసెంబరులో మారుతి 800 విపణికి వచ్చెను. మూడు సిలిండర్లు, 796 సి.సి. గల చిన్న ఇంజను. ఆలుబిడ్డలతో సంత కేగుటకు తగిన సంసారుల కారు. దాని విడిభాగములు క్రమముగా ఊరూర దొరకసాగెను. కరివర్ధన్ ఆ యింజనును, ఉక్కుగొట్టములు అతికి చేసిన తేలికైన చట్రమున అమర్చి, ఒక్కడే కూర్చుండదగిన, చక్రములు బయటికి కానవచ్చు పందెపు కారును నిర్మించెను. ఫార్ములా మారుతి యను పేర 1980ల చివరినుండి ఈ బండ్లు పందెములలో పరుగిడెను.

భారతమున అరణ్యపర్వములోని నలోపాఖ్యానమును ఎరిగినవారికి ఇక్కడ బాహుకుడు తలపునకు రాక మానడు. ఋతుపర్ణుని ఒక్క పగటిలో కుండినపురము చేర్పవలసివచ్చినపుడు బాహుకుడు కొట్టములోని పుష్టిగల గుఱ్ఱములను విడిచి బక్కగుఱ్ఱములను ఏరెను. రాజు చూచి శంకించెను. రథము కదలిన పిమ్మట ఆ రాజు ఉత్తరీయము జారిపడగా, నిలుపుమని చెప్పునంతలోనే అది ఆమడ దూరము వెనుకబడెను. కరివర్ధన్ ఏరుకొన్న మారుతి ఇంజను గూడ అట్టి బక్కగుఱ్ఱమే. మోయవలసిన బరువు తగ్గించినచో చిన్న గుఱ్ఱము పెద్ద పరుగు తీయునను అశ్వహృదయము అతనికి తెలిసెను.

వేగముకన్న గొప్ప లాభము మరొకటి కలిగెను. బరిలోని బండ్లన్నియు ఒకే తీరువి, ఒకే ఇంజనువి యగుటచే, ముందు వచ్చినవాడు తన నేర్పుచేతనే ముందు వచ్చెనని రూఢియయ్యెను. విరిగిన భాగమును విదేశమునుండి తెప్పింపక, ఊరిలోనే అతుకవచ్చును. తొలిసారి బరిలో దిగు యువకునికి ఇంత తక్కువ ఖర్చుతో అంతకుముందు దారి లేదు. ఐనను, కూలిచేయువాని కొడుకునకు ఈ క్రీడ అందుబాటులోనికి వచ్చెనని చెప్పుట అతిశయోక్తి. మోటారు పందెము నేటికిని ఖర్చుతో కూడిన ఆటయే. కాని మూసియున్న తలుపు కొంత తెరచుకొనెను. తెరచిన చేయి కరివర్ధన్‌ది.

1990లో శ్రీపెరుంబుదూరు దాపున ఇరుంగట్టుకోట్టైలో పందెములకొరకే కట్టిన బాట సిద్ధమయ్యెను. విమానపు బాటపై జరిగిన ఆట కట్టుదిట్టమైన మలుపులు గల బాటకు మారెను. కోయంబత్తూరున పెరిగిన నారాయణ్ కార్తికేయన్ అను బాలుడు అక్కడనే ఫార్ములా మారుతి బండిలో తన తొలి పందెమాడెను. అతని తండ్రియు దక్షిణభారత ర్యాలీలో పెక్కుమార్లు గెలిచినవాడే.

కరివర్ధన్ ఆశ నేలమీదనే నిలిచిపోలేదు. ఆకాశయానమునందును అతనికి మక్కువ మెండు. 1995 ఆగస్టులో విమాన ప్రమాదమున అతడు మరణించెను. అప్పటి కతనికి నలుబది దాటి యెంతోకాలము కాలేదు. ఏండ్లకొలది పందెపు మలుపులలో ప్రాణము దక్కించుకొన్నవాడు ఆకాశమునుండి రాలిపోవుట విధివైపరీత్యము.

పందెగాని చరిత్రము వ్రాయబూనువారికి ఒక చిక్కు గలదు. గడియారము పట్టినవారి పట్టికలో గెలిచినవాని పేరు, నిమిషములు, సెకండ్లు మిగులును. బండి కట్టినవాని పేరునకు అందు గడి లేదు. మన అడంగలులో సాగుదారునకైనను ఒక గడి యున్నది. అందుచేత కరివర్ధన్ చరిత్రలో సగమును అతని కప్పులలో గాక ఇతరుల చరిత్రలలో వెదకుకొనవలెను. ఆ బాలుడు నారాయణ్ 1996లో ఫార్ములా ఆసియా విజేతయయ్యెను. 2005 మార్చిలో మెల్‌బోర్నునందు జోర్డాన్ జట్టు పక్షమున ఫార్ములా వన్ పందెమున దిగి, ఆ యత్యున్నత శ్రేణిలో కారు నడపిన తొలి భారతీయుడయ్యెను. 2000లో ఫార్ములా మారుతి విజేతయైన మదరాసువాడు కరుణ్ చంధోక్ 2010లో అదే శ్రేణికి చేరెను. కరివర్ధన్ వీనిలో ఒక్కటియు చూడలేదు.

2003లో కోయంబత్తూరు దాపున చెట్టిపాళయమున ఒక పందెపు బాట వెలసెను. దాని పొడవు రెండు కిలోమీటర్లకు పైచిలుకు. దానికి కరి మోటారు స్పీడ్‌వే యని పేరిడిరి. పిమ్మట 1300 సి.సి. స్విఫ్టు ఇంజను బిగించిన ఒంటిసీటు బండ్లు అక్కడ పరుగిడెను. అవియు సంసారుల కారునుండి తీసిన ఇంజనులే, ఆ బండ్లును కోయంబత్తూరున కట్టినవే.