పేజ్‌మేకర్, అను: ఒక జంటకు వీడ్కోలు

అనకాపల్లి జిల్లా దేవరాపల్లిలో మేం అచ్చు పనికి వాడిన చివరి పేజ్‌మేకర్ ఆగిపోయింది. దాన్ని నడిపిన విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ మదర్‌బోర్డు కాలిపోయింది. సరిపోయే బోర్డు విశాఖలో వాకబు చేసినా దొరకలేదు. మనిషి పోతే పెదకర్మ కార్డు వేస్తాం. ఈ చుట్టుపక్కల ఎన్నో ఇళ్లకు ఆ కార్డులు వేసిపెట్టినదానికి నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

పుట్టుక గురించి ముందు చెప్పాలి. 1985లో అమెరికాలో ఆల్డస్ అనే చిన్న కంపెనీ మెకింతోష్ కంప్యూటర్ కోసం, పేజీలు కూర్చే ప్రోగ్రాము పేజ్‌మేకర్‌ను తెచ్చింది. వెనిస్ నగరపు పాతకాలం ముద్రాపకుడు ఆల్డస్ మనూటియస్ పేరు ఆ కంపెనీకి పెట్టుకున్నవాడు పాల్ బ్రెయినెర్డ్. మన వీధుల్లో బోర్డుల మీద కనిపించే డీటీపీ, అంటే డెస్క్‌టాప్ పబ్లిషింగ్ అన్న మాట కూడా ఆయన ప్రచారంలోకి తెచ్చిందే. 1994లో ఆల్డస్ అడోబీలో కలిసింది. 2001లో పేజ్‌మేకర్ 7.0 వచ్చింది. దాని తర్వాత మరొకటి రాలేదు. అడోబీ ఇన్‌డిజైన్ అనే తన మరో ప్రోగ్రాము వైపు వెళ్లిపోయింది. మా మండలంలో పేజ్‌మేకర్ వెలిగిన రోజుల్లో చాలా భాగం, కన్నవాళ్లు దాన్ని వదిలేశాక గడిచినవే.

అయితే పేజ్‌మేకర్‌కు తెలుగు రాదు. తెలుగు పలికించింది హైదరాబాద్‌లో తయారైన అను స్క్రిప్ట్ మేనేజర్. మీట నొక్కగానే అది మధ్యలో అందుకుని, ఏ అక్షరం ముక్క ఎక్కడ పడాలో పేజ్‌మేకర్‌కు అందించేది. అప్పటి ఫాంటులో ఉండేవి 256 గళ్లు. మన గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా అచ్చు పోస్తే అందులో ఎక్కడ సరిపోతాయి? అందుకే అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు వేరు, గుడి వేరు, కొమ్ము వేరు, ఒత్తు వేరు. ఇంగ్లిషు అక్షరాల గళ్లలోనే వీటిని సర్దారు. ఫాంటు మార్చి చూస్తే సరస్వతీ ప్రార్థన కూడా అర్థంలేని ఇంగ్లిషు గుర్తుల వరసగా కనిపించేది. అంత ఇరుకులో అంత అందమైన తెలుగును కూర్చినవాళ్ల నేర్పు తలుచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది. అనుపమ, ప్రియాంక ఫాంటుల్లో శుభలేఖ పైన పెద్దక్షరాలతో పేర్లు వేస్తే కాగితం నిండుగా ఉండేది.

అనులో ఆపిల్ అనే కీబోర్డు వరస వేళ్లకు పట్టడానికి నెలలు పట్టేది. పట్టాక ఇక మరపు లేదు. మేటర్ కొట్టేవాళ్లు తెరవైపు చూడకుండా చేతిరాత కాగితం మీదే కళ్లు పెట్టి కొట్టేవారు.

పేజ్‌మేకర్ రాకముందు శుభలేఖ వేయించాలంటే చోడవరమో అనకాపల్లో వెళ్లాలి. సీసపు అక్షరాలు పేర్చే ప్రెస్సులో ప్రూఫ్ చూసుకుని, తప్పు దిద్దించుకోవడానికి మళ్లీ బస్సెక్కాలి. పేజ్‌మేకర్ వచ్చాక ఆ పెత్తనం ఊరి చేతికొచ్చింది. రైవాడ జలాశయం కింద పొలాలున్న రైతు వచ్చి పక్కన కూర్చుని, "పెదనాన్న పేరు పైన ఎయ్యి బాబూ, లేపోతే మాట పడాలి" అనేవాడు. ఆ పేరు మౌసుతో పట్టుకుని పైకి లాగితే కళ్ల ముందే వెళ్లేది. బంధుత్వాల వరస, మేనమామల స్థానం, ఎవరి పక్కన ఎవరుండాలి అన్న తగువు, అన్నీ ఆ తెరమీదే తీరేవి. అమ్మవారి తీర్థం పోస్టర్లు, ఓణీల వేడుక కార్డులు, 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో గుర్తులతో వేసిన కరపత్రాలు, చెరకు రైతుల వినతిపత్రాలు, అన్నీ ట్రేసింగ్ పేపరు మీదే ప్రింటు తీసి అచ్చుకు పంపినవే.

మా పేజ్‌మేకర్ చేసిన ఆఖరి పెద్ద పని 2022 ఏప్రిల్ 4 తర్వాత వచ్చింది. అనకాపల్లి జిల్లా ఏర్పడింది. లెటర్‌ప్యాడ్లు, బిల్లు పుస్తకాలు, రబ్బరు స్టాంపులు, ఎక్కడ చూసినా విశాఖపట్నం జిల్లా అనే ఉంది. పాత ఫైళ్లన్నీ తెరిచి కొత్త జిల్లా పేరు వేసింది ఆ ముసలి కంప్యూటరే.

కొత్త కంప్యూటర్లలో పేజ్‌మేకర్‌ను బతికించాలని మేం తక్కువ తిప్పలు పడలేదు. ఆ కాలపు ప్రోగ్రాములు చాలావరకు 32 బిట్‌వి. వాటిని ఎక్కించే ఇన్‌స్టాలర్లు మాత్రం కొన్ని 16 బిట్‌వి. 64 బిట్ విండోస్ ఆ పాత ఇన్‌స్టాలర్లను గుమ్మంలోకే రానివ్వదు. ఎలాగో ఎక్కినా ఇంకో చిక్కు. విస్టా నుంచి విండోస్‌లో ఒక కాపలా పెట్టారు. మామూలు హోదాలో నడిచే ప్రోగ్రాము, అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడిచేదానికి మీటలు అందించకూడదు. పేజ్‌మేకర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, అనును మామూలుగా తెరిస్తే తెలుగు పడదు, ఇంగ్లిషే పడుతుంది. రెండింటినీ ఒకే హోదాలో తెరవాలి. ఈ చిన్న కిటుకు తెలియక ఎంతమంది ఆపరేటర్లు తమ చేతిపని పోయిందనుకున్నారో!

గట్టిగా నిలిచే దారి ఒకటే. వర్చువల్‌బాక్స్ లాంటిది వేసి, కొత్త కంప్యూటర్ లోపలే ఎక్స్‌పీని నడపాలి. 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి భద్రతా మరమ్మతులు ఆగిపోయాయి కాబట్టి దానికి ఇంటర్నెట్ ఇవ్వకూడదు. ఫైళ్లు షేర్డ్ ఫోల్డరులోంచి బయటికి తీసుకోవాలి. ఇది పనిచేస్తుంది. నేను చేసి చూశాను. కానీ ఫోనులో తెలుగు కొట్టే కుర్రాళ్లకు ఆ తెరా, ఆ కీబోర్డు వరసా నేర్పి ఒప్పించలేం. అది అన్యాయం కూడా.

నా బాధ మరొకటి. పేజ్‌మేకర్, అను మన అక్షరాల రూపం మాత్రమే దాచాయి. కంటికి ఎలా పేర్చితే అక్షరమవుతుందో ఆ వరసలో ముక్కలుంటాయి. ప్రతి అక్షరానికీ సొంత సంకేతమిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే సొంత చోటు దొరికింది. ఎక్స్‌పీలోనే గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు వచ్చింది. అయినా అచ్చు పని యూనికోడ్‌కు మారలేదు. ఆ అందం, ఆ వేగం అక్కడ చాలాకాలం లేవు. అలా ఆలస్యం చేసినందుకు ఆపరేటర్లను తప్పుపట్టను. ఊరు ఊరంతా రాయించుకున్న మాటలు మాత్రం వెతికితే దొరకని బొమ్మలుగా మిగిలాయి. కన్వర్టర్లున్నాయి, కానీ ఒత్తుల దగ్గర తడబడతాయి. మనిషి కూర్చుని దిద్దాల్సిందే.

దిద్దడానికైనా ముందు ఫైలు తెరుచుకోవాలి. పీ65, పీఎండీ అన్న తోకలతో ఉండే ఆ ఫైళ్లను ఇన్‌డిజైన్ సీఎస్6 వరకూ తెరుస్తుంది, తర్వాతి సీసీ వెర్షన్లు తెరవవు. చీడికాడ, కె.కోటపాడు, మాడుగుల వైపు డీటీపీ షాపుల అటకల మీద ఎవరిదైనా పాత హార్డ్‌డిస్కు ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. అను ఫాంటులతో సహా మొత్తం కాపీ తీసి, ముందు పీడీఎఫ్ చేయండి. ఊళ్లో చాలా ఇళ్లకు, మూడు తరాల పేర్లు వరసగా అచ్చయి ఉన్నది ఆ ఫైళ్లలోని కార్డుల్లోనే.